మూడో తీగ

మొన్న మా మనవరాలు గిటారు ఒళ్లో పెట్టుకుని మూడో తీగను కొంచెం వదులు చేసింది. ఎందుకే అని అడిగాను.

"ల్యూట్ అని పాతకాలం వాద్యం ఉండేది అవ్వా. దాని పాటలు గిటారు మీద వాయించాలంటే ఈ తీగను కాస్త దించాల."

ఆ తీగ మీద వేలు పెట్టి చూశాను.

ఎమ్మిగనూరులో మా మగ్గం ఇంటి వెనకే చర్చి బడి ఉండేది. అక్కడి దొరగారు సాయంత్రాలు గిటారు వాయించేవారు. ఏదో రాజుల కాలం నాటి పాటొకటి దొరసానికి ప్రాణం. ఆమె జ్వరంతో పోయింది. సమాధి దగ్గర ఆ పాటే వాయించాలని దొరగారు తీగలు సరిచేసి, గిటారు అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లారు. పడుగుకు పెట్టే గంజి వాసన వదలని చిన్న వేళ్లతో నేను ఒక్కో తీగా నొక్కి చూశాను. మూడోది వదులుగా ఉంది. పడుగులో పోగు వదులైతే ఎవరినీ అడగకుండా బిగించాలని మా నాయన నేర్పాడు. బిరడా తిప్పి బిగించాను.

సమాధి దగ్గర దొరగారు కొంచెం వాయించి ఆగిపోయారు. తీగను చూశారు. ఎదురుగా నిలబడ్డ నన్ను చూశారు.

"వదులయ్యింటే నేనే బిగించినా దొరా," అన్నాను గర్వంగా.

"మంచి పని చేసినావమ్మా," అని గిటారు పెట్టెలో పెట్టేశారు.

అరవై ఏళ్లకు పైగా ఆ మెచ్చుకోలును దాచుకున్నాను. తీగ మళ్లీ దించడం ఆయనకు ఒక్క క్షణం పని. నా కళ్లెదుట ఆ పని చేయలేక, పాటే మానుకున్నారు.

"వింటావా అవ్వా?" అంది మనవరాలు.

"వింటా. మధ్యలో ఆపొద్దు తల్లీ," అన్నాను.