డోలక్‌లు మూగబోయిన వారం

మా బాపు నయాపూల్ దగ్గర డోలక్‌లు చేసి అమ్ముతాడు. పొద్దున్నే దుకాణం తెరిచి, వరసగా వేలాడే డోలక్‌లన్నిటినీ చిన్న వైపు ఒక్కో దెబ్బ కొట్టి వినడం ఆయన అలవాటు. ఆ సన్నటి మోత ఎంతసేపు నిలిచిందో విని తోలు బిగువు చెప్పేస్తాడు. నేను బడిలో భూగోళం చెబుతాను. సెలవు రోజున దుకాణంలో కూర్చుని, అడగనివాళ్లకు కూడా పాఠం చెబుతాను.

మొన్న కార్తీకంలో ఒక సెలవు రోజు ఉదయం బాపు మొదటి డోలక్ కొట్టాడు. మోగలేదు. దిండు మీద కొట్టినట్టు ధబ్బుమంది. రెండోదీ అంతే. మూడోదీ, పదోదీ. ఆకాశం తెల్లగా ఉంది. చినుకు లేదు, గాలి లేదు. ఎదుటి దుకాణం ముందు కట్టిన పరదా అంచు కూడా కదలడం లేదు. ముందురోజు సాయంత్రం ఖంగుమన్నవన్నీ తెల్లారేసరికి ఒకేసారి మూగబోయాయి. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు జలదరించింది.

బాపు ముఖం పాలిపోయింది. "బిడ్డా, నీకు మోత వినవడ్డదా?" అన్నాడు.

"లేదు బాపు."

ఆయన నమ్మలేదు. పక్కన గాజుల దుకాణం భాయ్‌ని పిలిచి కొట్టి చూపించాడు.

"క్యా హువా బాపు, తోలు ఖరాబైందా ఏంది? జర గూడ మోగుతలేదు," అన్నాడు భాయ్.

బాపు స్టూలు మీద కూలబడ్డాడు. భాయ్ వెళ్లాకే అసలు సంగతి బయటపెట్టాడు. కొన్ని నెలలుగా ఆ సన్నటి మోత తనకు పలచబడుతోందట. మనుషుల మాట తెలుస్తుందట, మోతే జారిపోతుందట. "చెవులు పోతే నా పని ఖతం, బిడ్డా. గందుకే ఎవలకు చెప్పలే."

నాకు ఏడుపూ పాఠమూ కలిసి పొంగుకొచ్చాయి. "చెవులు కావు బాపు, తుఫాను," అన్నాను. అండమాన్ వైపు సముద్రం రోజుల తరబడి వేడెక్కి ఉందనీ, దాని మీది తడిగాలి పైకి లేస్తే కింద పీడనం తగ్గి, చుట్టూ ఉన్న గాలి అక్కడికి ఎగబడుతుందనీ చెప్పాను. భూమి తిరుగుతోంది కాబట్టి ఆ గాలి తిన్నగా పోలేక సుడి పడుతుంది. తడి మబ్బుగా మారుతూ వదిలే వేడితో ఆ సుడి ఇంకా బలుస్తుంది. నడిమధ్యన మాత్రం ఒక కన్ను, అందులో గాలి దాదాపు కదలదు. ఆ సుడి తోలుకొచ్చిన తడే మన తోళ్లలో దూరిందన్నాను.

"గంత దూరంల పుట్టింది మన దుకాణంలకు ఎట్లొచ్చె?" బాపు వేలాడే వరసల వైపు చూశాడు, ఎవరో లోపలికొచ్చి నిలబడ్డట్టు. "మరి పోతదా?"

"ఒడ్డెక్కినంక దానికి వేడి నీళ్లు దొరకయి. బలం పోతది. తోలు ఆరితే మళ్ల మోగుతది, ఫికర్ చేయకు."

నా ధీమా చూడాలి. తర్వాత నాలుగు రోజులూ ముసురు, బడికీ సెలవులే. బాపు రోజూ వరసంతా కొట్టి, ఆ ధబ్‌ధబ్‌లు విని, "మోగుతలేదు," అని, తప్పు చెవులది కానట్టు నవ్వుతూ చెప్పేవాడు. మోగనందుకు అంత సంతోషపడే మనిషిని చూస్తే నాకు భయమేసింది.

తుఫాను ఒడ్డు దాటింది. మస్తు ఎండ కాసింది. ఆ సాయంత్రం నేనే ముందు కొట్టాను. ఖంగున మోగింది. భాయ్ తల బయటికి పెట్టి "వాహ్!" అన్నాడు. బాపు నా వైపే చూస్తున్నాడు.

"ఇంక ఆరలేదా, బిడ్డా?"

"సముద్రంల ఇంకోటి పుట్టింది, బాపు," అన్నాను. పిల్లలకు ఏనాడూ తప్పు చెప్పనిదాన్ని, లేని తుఫానును పుట్టించాను.

బాపు డోలక్‌ను ఒళ్లోకి తీసుకున్నాడు. చెక్కను రెండు చేతులతో పట్టుకుని, "కొట్టు," అన్నాడు. కొట్టాను. "మళ్ల కొట్టు." కొట్టాను.

"చెక్క వణుకుతున్నది," అన్నాడు మెల్లగా. "మోగుతనే ఉన్నది, బిడ్డా. తుఫాను పోయింది."