తెగని చప్పట్లు

నేను మొదలుపెట్టి వదిలేసిన పనులకు మా ఇంట్లో ఒక సాక్ష్యం ఉండేది. నడవ గోడకు మేకు మీద వేలాడే సగం వల. పదహారేళ్లప్పుడు అల్లడం మొదలుపెట్టి, విసుగొచ్చి వదిలేశాను. కొల్లేటి ఒడ్డున చేపల మీద బతికే ఇల్లు మాది. వల అల్లలేనివాణ్ణి ఏమని పిలవాలో మా ఊళ్లో ఎవరికీ తెలియదు, అలాంటివాడు అంతకుముందు పుట్టలేదు గనక. మా నాయనమ్మ దాన్ని అక్కణ్నుంచి తీయదు, ఎవర్నీ పూర్తి చేయనివ్వదు. చుట్టాలెవరైనా అదేంటని అడిగితే, "మావాడి డిగ్రీ" అనేది.

ఆ తర్వాత పామర్రులో టైపు సగం నేర్చుకున్నాను. బెజవాడ పటమటలో అక్కావాళ్ల ఇంట్లో ఉండి ఐటీఐ సగం చదివాను. డెబ్భైల్లో ఒక వేసవిలో అదీ మానేసి, పెట్టె పట్టుకుని ఊళ్లో బస్సు దిగాను. ఎవరూ ఏమీ అనలేదు, నవ్వారు. ఏదైనా అని ఉంటే పోట్లాడేవాణ్ణి, నాకు అది బాగా చేతనవును. నవ్వితే ఏం చేస్తాం?

సరిగ్గా అప్పుడే ఒక వారపత్రికలో లోకంలోని వింత రికార్డుల గురించి చదివాను. ఎవరో ఏళ్ల తరబడి గోళ్లు కత్తిరించుకోలేదట. ఇంకెవరో వెనక్కి నడుస్తూ ఊళ్లకు ఊళ్లు దాటేశాడట. ఒకాయన గంటల తరబడి ఆపకుండా చప్పట్లు కొట్టాడట. నాకు ఒళ్లు ఝల్లుమంది. గోళ్లు పెంచడానికి ఏళ్లు పడుతుంది, అంత ఓర్పు నాకు లేదు. చప్పట్లకు పెట్టుబడి అక్కర్లేదు, చదువక్కర్లేదు, రెండు చేతులుంటే చాలు. శుక్రవారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం పొద్దు పొడిచేదాకా కొడతానని ఊరంతా చాటేశాను. ఈ ఒక్కటైనా చివరిదాకా చేయకపోతే ఇక అద్దంలో నా మొహం నేనే చూసుకోలేననిపించింది.

సాక్షిగా ఉండటానికి హెడ్మాస్టారు ఒప్పుకున్నారు. ఆయనకు చేతి గడియారం ఉంది, ఆ రికార్డులు నమోదు చేసేవాళ్లకు ఇంగ్లీషులో ఉత్తరం రాయగలరు. శుక్రవారం పొద్దున జనమంతా వింటుండగా గట్టిగా చెప్పారు.

"ఇదిగో, రూలు ఒక్కటేనోయ్. చప్పుడు ఆగకూడదు!"

పంచాయితీ రేడియో ఉండే అరుగు మీద చాప పరుచుకుని కూర్చున్నాను. మొదటిరోజు పండగలా గడిచింది. నాయనమ్మ చేపలపులుసు అన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టింది. రాత్రి కూడా ఎలాగో గడిచింది. శనివారం తెల్లవారేసరికి అరచేతులు పూరీల్లా పొంగాయి. దర్జీ సాయిబుగారు పక్కన చేరి, నేను కొడుతుండగానే వాటి మీద కొబ్బరినూనె చుక్కలు వేశాడు.

మధ్యాహ్నం వడగాలి మొదలైంది. అన్నం కడుపులో పడింది. ఆ తర్వాత నాకేమీ తెలియదు.

మెలకువ వచ్చేసరికి చప్పట్లు వినిపిస్తూనే ఉన్నాయి. నిద్రలో కూడా కొడుతూనే ఉన్నానన్నమాట అని ఎంత మురిసిపోయానో! తర్వాత కిందికి చూసుకున్నాను. నా చేతులు రెండూ ఒళ్లో పడి ఉన్నాయి.

కొడుతున్నది మా నాయనమ్మ. ఆమె పక్కన దర్జీ సాయిబుగారు, భజన మేళం పెద్దాయన. చేపలమ్మడానికి బయల్దేరి, బుట్టలు కిందికి దించేసిన ఇద్దరు ఆడవాళ్లు.

వాళ్లను తప్పు పట్టడానికి లేదు. మా వైపు ఏకాహం చేస్తే పొద్దు నుంచి పొద్దు దాకా భజన తెగకూడదు. ఒక జట్టు అలిసిపోకముందే రెండో జట్టు వచ్చి పక్కన కూర్చుని గొంతు కలుపుతుంది. పాట వాళ్ల నోట్లో కుదురుకున్నాకే పాతవాళ్లు లేస్తారు. చప్పుడు ఆగకూడదని మాస్టారు అన్నప్పుడు ఊరికి అర్థమైంది అదే. నా తల వాలడం చూసి భజన పెద్దాయన అందుకున్నాడు, ఆయన వెనక మిగతావాళ్లు.

మాస్టారు మాత్రం అరుగు చుట్టూ తిరుగుతూ మొత్తుకుంటున్నారు. "ఆపండయ్యా బాబూ! ఇంకోళ్లు కొట్టకూడదు!"

"ఆపమంటారేంటండీ మాస్టారూ? ఒక్క దెబ్బ తప్పితే ఒట్టు," అంది నాయనమ్మ, చేతులు ఆపకుండానే.

"ఇది రికార్డు కాదమ్మా, భజన!"

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. "అంతా నాశనం చేశారు కదే!" అని నాయనమ్మ మీద అరిచి, అరుగు దిగి చెప్పులేసుకున్నాను. బెజవాడ బస్సు వచ్చే వేళయింది. ఎక్కి అటే పోదామనుకున్నాను. ఇదీ సగమే, గోడకు ఇంకో మేకు కొట్టుకోవచ్చు.

నాయనమ్మ నన్ను బతిమాలలేదు. "ఎల్లి మొహం కడుక్కుని, కాసిని మజ్జిగ తాగి రారా. నువ్వొచ్చేదాకా మేం లాగుతాంలే," అంది.

నేను రాననే అనుమానమే ఆమెకు లేదు. ఇంటికెళ్లి మొహాన నీళ్లు చల్లుకుంటూ గోడ మీది వల వైపు చూశాను. నన్ను వెక్కిరించడానికే దాన్ని అక్కడ ఉంచిందని అన్నేళ్లూ అనుకున్నాను. ఎంత తెలివితక్కువవాణ్ణి! మజ్జిగ తాగి, మళ్లీ అరుగెక్కి ఆమె పక్కన కూర్చున్నాను. నా దెబ్బ వాళ్ల దెబ్బతో కలిసేదాకా కొట్టి, అప్పుడు చేతులు దించింది నాయనమ్మ.

ఇక ఆ రోజంతా వంతులే. మాస్టారు గడియారం విప్పి జేబులో పెట్టుకుని కాసేపు అలిగారు. సాయంత్రానికి ఆయన కూడా చొక్కా చేతులు మడిచి ఒక వంతు కొట్టారు.

ఆదివారం పొద్దు పొడిచింది. ఒక్కొక్కళ్లే చేతులు దించారు. "మొదలెట్టినోడే ముగించాలి. కానియ్యి బాబూ," అన్నాడు భజన పెద్దాయన. కొల్లేటి మీద కొంగల అరుపులు తప్ప ఊళ్లో ఇంకే చప్పుడూ లేదు. లేచి నిలబడి, ఒక్కణ్ణే, ఒకే ఒక్కసారి చేతులు చరిచాను. మామూలుగా అలాంటప్పుడు జనం చప్పట్లు కొడతారు. ఆ పొద్దున ఎవరి చేతుల్లోనూ ఆ ఓపిక లేదు.

మాస్టారు ఏ ఉత్తరమూ రాయలేదు, నేను అడగనూ లేదు. నా చేతుల వాపు తగ్గాక నాయనమ్మ మేకు మీద నుంచి వల దించింది. అల్లిక ఎక్కడ ఆపేశానో కూడా నాకు గుర్తు లేదు. ఆమె నా పక్కనే చతికిలబడి, ఒక వరస తను అల్లి, దారం తెగకుండా, వల అల్లే పుల్ల నా చేతికి అందించింది. ఆ జూన్‌లో మళ్లీ ఐటీఐలో చేరడానికి నేను బస్సెక్కేనాటికి, గోడ మీద మేకు ఒక్కటే మిగిలింది.