ఫోటోలో వెనకాల ఉన్నది మా అమ్మ

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవి. నాకు పదేళ్లు. అమ్మానాన్నా చాట్రాయి దగ్గర మామిడితోటలో కూలికి వెళ్లేవారు. ఒకరోజు తోట యజమాని గారి అల్లుడు కెమెరా తెచ్చి, ఇంటివాళ్లందరినీ చెట్టు కింద నిలబెట్టి ఫోటో తీశారు. అప్పుడే వాళ్ల వెనకనుంచి అమ్మ కాయల గంప నెత్తిన పెట్టుకుని వెళుతోంది.

ఆ వానాకాలం అమ్మ జ్వరంతో పోయింది. కొన్నాళ్లకి ఆమె ముఖం నాకు సరిగా గుర్తు రాకుండా పోయింది. భయమేసింది. నాన్న వద్దన్నా వినకుండా యజమాని గారింటికి వెళ్లాను.

"ఏంటే పిల్లా?" అన్నారు అమ్మగారు.

"ఆ ఫోటో ఒక్కసారి చూపిస్తారా అండీ? మా అమ్మ అందులో పడిందేమోనని..."

ఆవిడ వెనక్కి తిరిగి లోపలికి వెళ్లారు. కోపమొచ్చిందేమో, గంప చాటున అమ్మ ముఖం కనపడదేమో అనుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

ఫోటో తెచ్చి చూపించారు. వాళ్ల భుజాల వెనక, చిన్నగా, అమ్మ. ఇటే చూస్తోంది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఎన్నిసార్లో చూశాను, ఈమెని గమనించనే లేదు" అన్నారు అమ్మగారు. ఫోటో నా చేతిలో పెట్టి, "ఫిల్ము ఉందిగా, మేం ఇంకోటి వేయించుకుంటాంలే" అన్నారు.

ఫోటోలో ముందు నిలబడ్డవాళ్లు మనకేమవుతారని ఇప్పుడు మనవరాళ్లు అడుగుతుంటారు. మా అమ్మని నాకు తిరిగి ఇచ్చినవాళ్లని చెబుతాను.