బానెట్‌కు బదులు బొట్టు

సోమందేపల్లిలో మా జీపుకు రంగు వేసిన పెయింటరన్నకు ఒకటే చాదస్తం. ఉప్పుకాగితంతో రుద్దిన రేకును ప్రైమర్ కొట్టేదాకా ఎవరూ ముట్టకూడదు. చేతి జిడ్డు తగిలితే రంగు పొక్కిపోతుందని, "చెయ్యి తీయప్పా!" అంటూ ఎంతటివాడినైనా కసిరేవాడు.

ఆ పొద్దు బానెట్‌ను రుద్ది తళతళలాడించాడు. అంతలో మా నాయన ముహూర్తమంటూ పూజారిని తెచ్చాడు. నూనెలో తడిపిన కుంకుమతో పూజారి వేలు బానెట్ దాకా వచ్చింది. అన్న అడ్డం నిలబడ్డాడు.

"సామీ, దీనికి పెట్టొద్దు."

"ముహూర్తం దాటిపోతాండాదప్పా!" అన్నాడు పూజారి.

"అట్లయితే నాకు పెట్టు. బండి తరపున నేనుండా."

పూజారి గొణుగుతూనే అన్న నుదుట బొట్టు పెట్టి హారతి తిప్పాడు. చేతిలో ఉప్పుకాగితంతో అన్న కదలకుండా నిలబడ్డాడు. మా నాయన అలవాటు కొద్దీ చెంపలేసుకుని ఆయనకే దండం పెట్టాడు.