ఆరువందల పదిహేనేండ్ల పడుచువాడు

1958 ఎండాకాలం నాటికి ఆసిఫాబాద్ రాయమల్లు వయసు ఆరువందల పదిహేనేండ్లు. నమ్మకపోతే మీ ఇష్టం, సర్కారే లెక్క కట్టి తేల్చింది. అన్నేండ్లొచ్చినా నెత్తిన ఒక్క తెల్ల వెంట్రుక లేదు, పళ్ళన్నీ గట్టిగా ఉన్నాయి, పెండ్లి కూడా కాలేదు.

ఊళ్ళోని ఒక దఫ్తరులో, పేరు అడక్కండి, నకళ్ళు రాసే గుమాస్తా కొలువొకటి ఖాళీ అయింది. వయసు ఇరవై ఐదు దాటకూడదు. రాయమల్లుకు ఇరవై నాలుగు. ఏడో తరగతి పాసై బీడీలు చుట్టే తునికాకు కట్టలు మోస్తున్నాడు. ఇది తప్పితే ఇంకో కొలువు పడేసరికి వయసు దాటిపోతుంది. అందుకే దరఖాస్తు మూడుసార్లు రాశాడు. మొదటిదాంట్లో తండ్రి పేరు మరిచాడు. రెండోదాంట్లో దొరవారిని పొగడటానికే పేజీన్నర పోయి, చదువు సంగతి చెప్పటానికి చోటు మిగల్లేదు. మూడోది అద్దంలా వచ్చింది. ఉర్దూ బడి సర్టిఫికెట్ ముందు పెట్టుకుని, పుట్టిన సంవత్సరం అందులో ఎలా ఉందో అలాగే దించాడు: 1343.

వారానికి గోడ మీద కాగితం పడింది. తన పేరుకెదురుగా ‘వయసు మించినది’ అని ఉంది. రాయమల్లు నాలుగుసార్లు చదివి లోపలికి ఉరికాడు.

హెడ్ గుమాస్తా రాష్ట్రాలు కలిశాక కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చినవాడు. పేరు వినగానే ఆయన చేతిలో కలం జారిపోయింది.

“రాయమల్లువి నువ్వా? ఇంకా బతికే ఉన్నావటయ్యా!”

“గదేంది సార్, నాకేమైంది?”

“పుట్టింది 1343లో అని నువ్వే రాశావుగా! ఓరుగల్లు కోట కూలి అప్పటికి ఇరవై ఏళ్ళే. కాకతీయుల కథలేమైనా గుర్తున్నాయా తాతగారూ?”

దఫ్తరంతా గొల్లుమంది. రాయమల్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. పుట్టిన ఏడు కూడా తప్పవుతుందా?

నవ్వనివాడు ఒక్కడే, నిజాం కాలం నుంచీ అక్కడే ఉన్న చప్రాసీ భూమన్న.

“జర ఆగుండ్రి సార్. గది ఫసలీ సాల్. నిజాం కాలంల మాకు గదే లెక్క. ఇంగ్లీషు సాల్ గావాలంటే ఐదువందల తొంబై కలుపుండ్రి.”

గుమాస్తా కలిపాడు. 1933 వచ్చింది. మళ్ళీ కలిపాడు. నవ్వు ముఖం మీదే ఆరిపోయింది. గబగబా రాయమల్లు దరఖాస్తు మీద ఎర్రసిరా కొట్టివేత దిద్దాడు.

భూమన్న రాయమల్లును పక్కకు లాగి చెవిలో అన్నాడు: “పిలగా, సప్పుడు జేయక పో. గా మూలకున్న కట్టల ఇంక ముప్పై ఒక్క దరఖాస్తులున్నయ్, అన్ని నీ అసొంటియే. అవి గట్లనే ఉంటే నౌకరీ నీదే.”

రాయమల్లు ఆ మూలకు చూశాడు. ముప్పై ఒక్కమంది! అందరూ ఆ గోడ ముందే నిలబడి, ఆ ముక్కే చదువుకుని, కిక్కురుమనకుండా ఇంటికి పోయారన్నమాట. గడప దాకా నడిచాడు. అక్కడే ఆగాడు. వెనక్కి తిరిగాడు.

“సార్, గా కట్ట గూడ ఇప్పుండ్రి.”

విప్పారు. 1344. 1346. 1345. అన్నింటి మీదా తన ఎర్రసిరానే చూసి గుమాస్తా కుర్చీలో కూలబడ్డాడు.

“అంతా సంవత్సరం తప్పు రాశారనుకున్నానయ్యా! ఒక్కడూ వచ్చి అడగలేదే!”

“సర్కారు రాసినంక ఎవలడుగుతరు సార్?” అన్నాడు భూమన్న.

అందరినీ పరీక్షకు పిలిచారు. ఆ రోజు పెద్దసారే గుమ్మం దాకా ఎదురొచ్చి, రాయమల్లు మెడలో దండ వేసి, తన కుర్చీలోనే కూర్చోబెట్టి, కొలువు చేతిలో పెట్టాడని ఆసిఫాబాద్‌లో చెప్పుకుంటారు. రాయమల్లును అడిగితే మాత్రం భుజం మీది తునికాకు కట్ట దించి, చెమట తుడుచుకుని ఇంతే అంటాడు:

“దండ లేదు, గిండ లేదు. నౌకరీ గా కట్టల దరఖాస్తున్న ముత్యంకు అచ్చింది. ఆయన రాత నాకన్న మంచిగుంటది.”