ఆగిన ఫ్యాన్ అదురు

ఇందులో నేను కల్పించింది ఒక్క అక్షరమైనా లేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా యంత్రాల అదురు కొలిచి సరిచేయడమే నా వృత్తి. కొలిచిన ప్రతి అంకెనూ అక్కడికక్కడే నోటుబుక్కులో రాస్తాను. ఆ రాత్రి రాసిన పుటను బట్టీ వాళ్లు చించేయమన్నారు. చించలేదు... చించను.

తాడిపత్రి దారిలో ఒక సున్నపు బట్టీ. పొగను లాగే పెద్ద ఫ్యాన్ విపరీతంగా అదురుతోంది. బట్టీని ఆపడానికి వీలయ్యేది రాత్రిపూట రెండు గంటల సేపే.

పద్ధతి చెబుతాను. ఫ్యాన్ చక్రంలో ఒక పక్క బరువు ఎక్కువైతే ఇరుసు అదురుతుంది. ఇరుసు మీద మెరిసే టేపు ముక్క అంటించి, బేరింగు మీద మీటరు పెడతాం. టేపు తిరుగుతుంటే అదురు ఎంతో, ఏ కోణంలోనో రెండూ తెలుస్తాయి. దాన్ని బట్టి చక్రానికి చిన్న ఇనుప ముక్క వెల్డింగ్ చేస్తే సరిపోతుంది. ఆ రాత్రి కొలత పదకొండు, అంటే చాలా ఎక్కువ. కోణం నలభై డిగ్రీలు.

ఫ్యాన్ ఆపించాను. పూర్తిగా నిలిచేదాకా చూశాను. మూడు ఫ్యూజులూ పీకి నా జేబులో వేసుకున్నాను. లోపల మనిషి ఉన్నంతసేపు వాటిని ఎవరికీ ఇవ్వను. ఇరవై ఏళ్లుగా నాతో తిరుగుతున్న వెల్డర్ ఓబులేసు ఫ్యాన్ పెట్టెకున్న చిన్న తలుపు గుండా లోపలికి దూరాడు.

"అన్నా, మా అత్తగారింట్లోనే నయం! ఈడ ఊపిరాడ్డంలే!" అని లోపలి నుంచి అరిచాడు.

నవ్వుతూ మీటరు వైపు చూశాను.

పదకొండు.

కోణం... నలభై.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. అదే అంకె. ఇరుసు కదలడం లేదు. టేపు ముక్క నా కళ్లెదుటే నిలిచి ఉంది. అది తిరగనిదే కోణం ఎలా వస్తుంది? రాదు. రాకూడదు.

"ఓబులేసూ! బయటికి రా! ముందు రా!"

వచ్చాడు. ఏమైందని అడుగుతూనే బేరింగు మీద అరచెయ్యి ఆనించాడు. ముఖం మారిపోయింది.

"అన్నా... తిరుగుతాండాది."

"ఆగే ఉండాది గదప్పా!"

"కండ్లకు ఆగినట్టే ఉండాది. చేతికి తిరుగుతాండాది."

బేరింగు మీద పేరుకున్న సున్నపు పొడి మెల్లగా... చాలా మెల్లగా... అంచు వైపు పాకుతోంది. కింది రేకు మీద రాలుతోంది. సర్ర్... సర్ర్... అంతే చప్పుడు.

మీటరు తీసి నేల మీద పెట్టాను. సున్నా. మళ్లీ బేరింగు మీద పెట్టాను. పదకొండు. చుట్టుపక్కల ఏ యంత్రమూ నడవడం లేదు. గాలికి చక్రం తిరగకుండా పొగగొట్టం దారిలోని అడ్డుపలకను నేనే దగ్గరుండి మూయించాను.

అంతలో షిఫ్టు ఇన్‌ఛార్జి వచ్చాడు.

"ఏం పెద్దాయనా, ఇంగా ఎంతసేపు? బట్టీ చల్లారితే లోపలి ఇటుక పగుల్తాది. మీటరు చెడిపోయింటాది. సున్నా అని రాసుకోని, వాన్ని లోపలికి పంపు."

నా ఒళ్లు మండిపోయింది. "మీటరు చూపనిది నేను రాయను. ఈ మనిషిని పంపను."

"దయ్యమా ఏమి? మీరు ఈడ్నే కూసోండి, నేనే పోతా!"

టార్చి తీసుకున్నాడు. తలుపులోకి ఒక కాలు పెట్టాడు.

ఆగిపోయాడు.

రెండో కాలు పెట్టలేదు... మొదటిది తీయలేదు. అర నిమిషం గడిచింది. ఒక్కసారిగా వెనక్కి పడ్డాడు. లేచి, తలుపు మూసి, ఎనిమిది బోల్టులూ స్వయంగా బిగించాడు. పానా కూడా అడగలేదు... వేళ్లతోనే.

"ఏం చూసినావు సార్?" అన్నాడు ఓబులేసు.

"ఏం లే. గాలి లాగుతాండాది."

బట్టీని పూర్తిగా ఆర్పేయమని ఆయనే ఫోన్ చేశాడు. ఓబులేసు మళ్లీ లోపలికి పోలేదు. మర్నాడు వాళ్ల రిపోర్టులో మాత్రం 'మీటరు లోపం' అని రాశారు! మీటరును పరీక్ష చేయించాను. ఏ లోపమూ లేదని కాగితం రాసిచ్చారు. దాన్ని తీసుకుపోయి ఆ ఇన్‌ఛార్జి బల్ల మీద పెట్టాను.

"గాలైతే అంతసేపు కాలు ఎందుకు తీయలేదప్పా?" అని అడిగాను.

కాగితాన్ని నా వైపే తోశాడు.

"తీయక కాదు పెద్దాయనా... తీయనీలేదు."

"ఎవరు?"

"అదే నేను మిమ్మల్ని అడగాలనుకుంటి" అన్నాడు.