రాయచూరు కోట కోసం

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు గిరాకీ పెరిగిన ఆ రోజుల్లో సింగపూర్‌లో ఎవరూ నిలకడగా ఉండేవారు కాదు. మా తెలుగువాళ్ళ ఉగాది నాటకంలో విజయనగర చక్రవర్తి వేషం వేయాల్సినాయన్ను కంపెనీ ఉన్నట్టుండి సిడ్నీకి పంపింది. నాటకం దగ్గరపడింది. "నేను చేస్తా" అన్నాను. నాటకం రాసిన పెద్దాయన నన్ను ఎగాదిగా చూశారు.

"మీసం పెడతావా అమ్మా?"

"పెడతా అంకుల్. గొంతు మాత్రం నాదే."

నాకెందుకంత ధీమా అంటే, ఆ కథ మా ఒడ్డుది. మా ఊరు తుంగభద్రకు ఈవల. ఆవల, కృష్ణ దాకా పరుచుకున్న నల్లరేగడి కోసమే విజయనగర రాజులూ కృష్ణ అవతలి సుల్తానులూ తరాల తరబడి కొట్టుకున్నారు. చేజారిన రాయచూరు కోటను తిరిగి పట్టి, రాజ్యాన్ని కృష్ణ ఒడ్డు దాకా జరపాలన్నదే మా చక్రవర్తి పంతం. ఆ నేలలో మా మేనత్త పత్తి వేసేది. ఆ మట్టి తొక్కినదాన్ని. రాజుకు అదెందుకు కావాల్సొచ్చిందో నాకెవరూ చెప్పక్కర్లేదు.

సుల్తాను వేషం తంజోంగ్ పగార్ ఆఫీసులో నా పక్కన పనిచేసే హైదరాబాదీ భాయ్‌ది. టోవా పాయోలో మా ఫ్లాట్ల కింద మొదటి రిహార్సల్‌లోనే ఆయన కాగితాలు పక్కన పెట్టేశాడు. వాటిలో సుల్తాను తాగి తూలుతూ ఏనుగు మీంచి పడతాడు.

"సుల్తాన్ అంటే జోకరా సార్? గట్లయితే నేను చెయ్య. ఆయనకు గూడ గా జాగ కావాలె గదా."

పెద్దాయన ముఖం ముడుచుకున్నారు. "జనం నవ్వాలి కదయ్యా."

"జోకర్ని గెలిస్తే నా రాజుకేం గొప్ప అంకుల్?" అన్నాను. "భాయ్‌కి గట్టి మాటలు రాయండి. అప్పుడు గెలుస్తా."

గొణుక్కుంటూనే రాశారు.

ఉగాదికి హాలు నిండిపోయింది. "ఈ కోట గోడల్లో మా తాతల నెత్తురుంది. రా, చూసుకుందాం!" అని భాయ్ గర్జించగానే చప్పట్లు మోగాయి. నాకు రోషం వచ్చింది. మైకు వదిలి ముందుకొచ్చి, "నా గుర్రాలు కృష్ణలో నీళ్ళు తాగిన నాడే నాకు నిద్ర!" అన్నాను. వెనక వరస దాకా వినబడింది.

కోట నాదైంది. భాయ్ తల వంచకుండా, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ వెళ్ళాడు. ముందు వరసలోంచి ఆయన చిన్నకూతురు లేచి, "నాట్ ఫెయిర్ లా! మై డాడీ ఆల్సో వెరీ స్ట్రాంగ్!" అని సింగపూర్ ఇంగ్లీషులో అరిచింది. హాలంతా నవ్వింది. కత్తి పట్టుకుని నేనూ నవ్వాను.

మరుసటి ఏడాది నాకు రాణి వేషం ఇస్తామన్నారు. "రాజయితేనే వస్తా" అన్నాను. రాజునే ఇచ్చారు.